ఎర్రదారం పుల్ల

కిందటి వారం మాస్టారిని మనం పరాయి సొరుగు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. చేతిలో అగ్గిపుల్లకన్నా సన్నటి వెదురు పుల్ల ఒకటి ఉంది. సొరుగు ఆయన తోడల్లుడిది. పుల్ల కొసన అంటించి ఉన్నది మాత్రం ఎవరిదో తేలాలి.

కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఈ పరిశోధన కేంద్రంలో, గోధుమ పైరుకు చారల తెగులు మోసుకొచ్చే నల్లుల్ని పెంచేది మన మాస్టారు. మంచంలో ఉండే నల్లి కాదు, ఆకు ముడతలో ఉండే నల్లి. పావు మిల్లీమీటరు పొడవు, ముల్లంగిలాంటి ఒళ్లు, ముందువైపున నాలుగే కాళ్లు. పంతొమ్మిదేళ్ల కిందట, తెగులుతో నాశనమైపోయిన ఒక పొలంలోంచి ఒక్కటంటే ఒక్క ఆడనల్లిని ఎత్తుకొచ్చి, దాంతోనే ఒక వంశాన్ని నిలబెట్టారాయన. ఒంటరి తల్లికి మొదట అందరూ మగపిల్లలే పుడతారు. తర్వాత వంశం ఎలా పెరిగిందన్న వావివరసలు మనకెందుకు? కేంద్రంలో దాన్ని తల్లి సంతతి అంటారు. ఏ కొత్త గోధుమ రకమైనా ముందు ఈ సంతతి ముందు నిలబడి నెగ్గాలి. ఈ ఏడు నలభై ఏడో నంబరు గోధుమ నెగ్గింది.

అంతా బాగుందనుకుంటుంటే, జన్యువుల గదికి అధికారిగా వచ్చి ఎనిమిది నెలలైన తోడల్లుడు అన్ని గదుల నల్లుల్నీ నూరి, వాటి డీఎన్ఏ చదివి, ఓ నివేదిక రాసిపెట్టాడు. మైక్రోస్కోపుకు కూడా ఒకేలా కనబడే ఈ నల్లుల్లో నిజానికి రెండు రకాలున్నాయట. మొదటి రకం సాధువు, తెగులును సరిగా మోయలేదు. రెండో రకం పొలాలకు పొలాల్నే ముంచుతుంది. మాస్టారు తల్లిని తెచ్చింది మునిగిపోయిన పొలంలోంచి. అయితే ఇప్పుడు నాలుగో గదిలో ఆయన పెంచుతున్నది మొత్తం మొదటి రకమేనట. అంటే నలభై ఏడు నెగ్గింది సాధువు మీద.

డైరెక్టర్ మేడమ్ నిన్న ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చేశారు. "రేపు మూడింటికి కమిటీ. ఈ నివేదికను ఇంకా ఎవరూ సరిచూడలేదు. తల్లి సంతతి పంతొమ్మిదేళ్లుగా కల్తీ లేకుండా ఉందని మాస్టారు సంతకం పెడితే విత్తనం రైతుల దగ్గరికి వెళ్తుంది. పెట్టకపోతే ఈ నివేదిక కమిటీకి వెళ్తుంది. ఆలోచించుకోండి మాస్టారూ."

ఆలోచించుకోవాల్సిన మనిషి పొద్దున్నే వచ్చి తోడల్లుడి సొరుగు తెరిచారు. ఏదైనా తప్పు దొరక్కపోతుందా అనే ఆశతో. దొరికింది ఈ పుల్ల.

ఇంత చిన్న ప్రాణిని సూదితో ఎత్తితే గుచ్చుకుని చస్తుంది, కుంచెతో ఎత్తితే నలిగి చస్తుంది. అందుకని పుల్ల చివర గోళ్లరంగు చుక్కతో ఒక రెప్పవెంట్రుక అంటించి, దాని కొసను నల్లి పొట్ట కిందికి తోసి ఎత్తుతారు. ఆ విద్యలో ఆయన్ను మించినవాడు లేడు కాబట్టే కేంద్రంలో అందరూ ఆయన్ను రెప్ప మాస్టారు అంటారు. ఆయన వెంట్రుకలు మాత్రం పొట్టివి, మొండివి, నలుసును కూడా ఎత్తలేవు. పెళ్లయిన కొత్తలో ఓ రోజు భార్య చెంప మీద రాలిన వెంట్రుకను తీసి పుల్లకు అంటించి చూశారు. అది చెప్పినట్టు విన్నది. ఆనాటి నుంచీ నాలుగో గదిలో పుల్లలన్నీ ఆవిడ వెంట్రుకలవే. వాటిలో తల్లి సంతతి పుల్లకు గుర్తుగా ఎర్రదారం చుట్టి ఉంటుంది. రాలినప్పుడల్లా ఆవిడ వాటిని గుండీల డబ్బాలో తెల్లకాగితం మీద పేర్చి ఉంచుతుంది. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. మొగుడూ పెళ్లాల మధ్య కొందరికి ముద్దుపేర్లుంటాయి, కొందరికి పాటలుంటాయి. వీళ్లకు ఇది ఉంది.

మాస్టారు పుల్లను తోడల్లుడి మైక్రోస్కోపు కిందే పెట్టి చూశారు. పైకి తిరిగిన వంపు. చివర మూడోవంతు తేనెరంగు. అంటించిన చుక్క దానిమ్మ రంగు, ఆవిడ బల్ల మీది సీసాలోదే. అనుమానానికి చోటే లేదు.

ఆయన కళ్లలో ఎవరో నిప్పులు పోసినట్టయింది.

తోడల్లుడంటే ఆయనకు ఈ కుళ్లు ఇవాళ్టిది కాదు. అసలు ఆ సంబంధం తెచ్చింది ఆయనే. పిల్లవాడు బుద్ధిమంతుడని అత్తగారి ముందు సాక్ష్యం చెప్పి మరీ మరదల్ని ఇప్పించారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. అత్తగారింట్లో కిటికీ పక్క కుర్చీ పదేళ్లుగా పెద్దల్లుడిది, పెళ్లయిన మర్నాటి నుంచీ చిన్నల్లుడిది. పెద్దల్లుడు వస్తే మామగారు పేపరు పక్కన పెట్టేవారు, చిన్నల్లుడు వస్తే లేచి నిలబడేవారు. "చిన్నల్లుడు నవ్వితే ఇల్లంతా నిండిపోతుందమ్మా" అని అత్తగారు అన్నప్పుడు, తను ఎప్పుడైనా నవ్వాడా అని మాస్టారు ఆ రాత్రంతా లెక్క వేసుకున్నారు. కుర్చీ పోయింది, మర్యాద పోయింది, ఇప్పుడు నాలుగో గది గౌరవం పోతోంది. మిగిలింది ఈ వెంట్రుక ఒక్కటే అనుకుంటే, అదీ అతని సొరుగులో తేలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పుల్లను చొక్కా జేబులో పెట్టుకుని సరాసరి తన నాలుగో గదికి నడిచారు. తలుపు మీద ఆయన చేత్తో రాసి అంటించిన కాగితం ఉంది: 'ఒక పుల్ల, ఒక సంతతి. పరాయి పుల్లతో లోపలికి రాకూడదు.' దాన్ని తోసుకుని వెళ్లి, కుండీల మధ్య స్టూలు మీద కూర్చుని, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని తొడ మీద పెట్టుకున్నారు.

నిజం చెప్పొద్దూ, రాత్రి వరకూ ఆయనకు సందేహం ఉంది. ఆ నివేదిక అబద్ధమని ఆయన మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఎంత ఓర్వలేనివాడైనా పనివాడు పనివాడే, తోడల్లుడి పని శుభ్రంగా ఉందని చదివిన పావుగంటలోనే కనిపెట్టారు. సంతకం పెట్టకుండా ఒక నెల గడువు అడుగుదామని కూడా అనుకున్నారు. ఇప్పుడు ఆ అనుకోవడాలన్నీ ఎగిరిపోయాయి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. 'తల్లి సంతతి నా చేతుల్లో పంతొమ్మిదేళ్లుగా ఎలాంటి కల్తీ లేకుండా ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీశారు. పదకొండింటికి డైరెక్టర్ మేడమ్ కారెక్కుతుంటే కిటికీలోంచి అందించారు.

"బాగా ఆలోచించారా మాస్టారూ?" అన్నారావిడ.

"పంతొమ్మిదేళ్లు ఆలోచించానండీ" అన్నారు మాస్టారు.

రెండు దాటాక భోజనానికి ఇంటికి వెళ్లారు. కేంద్రం వెనక వరసలోనే క్వార్టర్సు, ఐదు నిమిషాల నడక. బల్ల మీద కంచం, దాని మీద మూత. ఆవిడ లేదు. ఆవిడది రఫ్ఫు పని. ఖరీదైన బట్ట ఎక్కడ చిరిగినా, అదే బట్టలోంచి దారం లాగి, చిరిగిన చోటు కనబడకుండా అల్లుతుంది. ఊళ్లో కోటు చిరిగిన ప్రతివాడికీ ఆవిడ తెలుసు. రెండు వారాలుగా, ఎవరింట్లోనో పాత తివాచీ బాగుచేయడానికి మధ్యాహ్నాలు వెళ్తున్నానని చెబుతోంది. మాస్టారు ఆవిడ పనిబల్ల దగ్గరికి వెళ్లారు. దారపు ఉండలన్నీ ఉన్నాయి, సూదుల పెట్టె ఉంది, కత్తెర ఉంది. సూదులు లేకుండా తివాచీ ఎలా బాగుచేస్తుంది? గుండీల డబ్బా మాత్రం లేదు.

మాస్టారి మనసులోకి రాకూడని ఆలోచన ఒకటి తొంగి చూసింది. ఛీ పొమ్మని తరిమారు. అది గుమ్మం దాకా వెళ్లి అక్కడే కూర్చుంది. కంచం మీద మూత తీయకుండానే ఆయన మళ్లీ కేంద్రానికి బయల్దేరారు.

జన్యువుల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దీపం కింద రెండు తలలు. మైక్రోస్కోపు మీద వంగి ఉన్నది ఆయన భార్య. ఒంటి మీద ఆ గదివాళ్లు వేసుకునే తెల్లకోటు, పొడుగు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. పక్కన తోడల్లుడు చిన్న కుండీని రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి కూడా పీల్చకుండా నిలబడ్డాడు.

"బాగుంది" అన్నారు మాస్టారు గుమ్మంలోంచి. "తివాచీ బాగుంది."

తోడల్లుడు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ తల ఎత్తలేదు. వెంట్రుక కొసన నల్లి ఉన్నట్టుంది.

"ఒక్క నిమిషం ఆగండి. ఇది దిగనీయండి" అంది.

పంతొమ్మిదేళ్లుగా ఆయన ఆవిడతో అంటున్న మాట అది. పిలిచినప్పుడు, పిల్లకు జ్వరం వచ్చిందన్నప్పుడు, చుట్టాలు గుమ్మంలో నిలబడ్డారన్నప్పుడు, అన్నింటికీ అదే మాట. ఇప్పుడు తిరిగొచ్చి ఆయన చెవినే పడింది. ఆవిడ నల్లిని ఆకు మీదికి దించి, పుల్లను గాజు పళ్లెంలో పెట్టి, అప్పుడు తిరిగింది.

మాస్టారు జేబులోంచి పుల్ల తీసి బల్ల మీద పడేశారు.

"ఇది ఎవరిది?"

"అన్నయ్యా, ముందు కూర్చోండి" అన్నాడు తోడల్లుడు.

"నిన్నడగలేదు."

"నాది" అంది ఆవిడ.

"నీదని నాకూ తెలుసు. నీది ఇతని సొరుగులోకి ఎలా వచ్చింది?"

"నా రెప్పవెంట్రుక నాది. ఎవరికివ్వాలో మిమ్మల్ని అడగాలా?"

"అడగొద్దు! అన్నీ ఇచ్చెయ్. కుర్చీ మీ అమ్మ ఇచ్చింది, మర్యాద మీ నాన్న ఇచ్చాడు, వెంట్రుక నువ్వివ్వు. ఇక నా దగ్గర మిగిలింది కళ్లజోడు ఒక్కటే. అది కూడా పట్టుకుపొమ్మను, నేను తడుముకుంటూ ఇంటికి పోతాను!"

ఆవిడ నవ్వబోయి ఆపుకుంది. తోడల్లుడి మొహం మాత్రం పాలిపోయింది. అతను చూస్తున్నది మాస్టారి మొహాన్ని కాదు, బల్ల మీద పడ్డ పుల్లను.

"పొద్దున్నుంచీ దీని కోసమే వెతుకుతున్నాం అన్నయ్యా. ఇది మీ జేబులో ఉందా?"

"ఉంది. అయితే?"

"ఇది రెండో రకం పుల్ల. పక్క జిల్లాలో తెగులు పడ్డ పొలం నుంచి తెచ్చిన నల్లులవి. నిన్న మధ్యాహ్నం వాడి, కడగకుండా పెట్టాం." అతను చేతిలోని కుండీని బల్ల మీద పెట్టాడు. "దీన్ని జేబులో పెట్టుకుని మీరు నాలుగో గదిలోకి వెళ్లలేదు కదా?"

తలుపు మీది కాగితం, దాని మీద తన చేతిరాత, కుండీల మధ్య స్టూలు, అన్నీ మాస్టారి కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. పంతొమ్మిదేళ్లలో ఎందరో కుర్రవాళ్లను ఆ ఒక్క తప్పుకే గదిలోంచి గెంటేసిన మనిషి ఆయన.

"వెళ్లారు" అంది ఆవిడ. ఆయన మొహం చదవడం ఆవిడకు కొత్త కాదు.

"వెళితే వెళ్లాను! పట్టుమని గంట లేను. ఆ గదిలో ఉన్నది నా తల్లి సంతతే కాదని ఇతనే రాశాడుగా, ఇంక పాడయ్యేదేముంది?" రెచ్చిపోయారు మాస్టారు. "అదీ చెప్పు తమ్ముడూ. నా సీసాలన్నీ నూరి చదివావుగా. నేను తప్పు చేశానంటావు. ఎప్పుడు చేశాను? ఏ రోజు చేశాను?"

అన్నట్టు సీసాల సంగతి. మాస్టారు ఏటా ఒకసారి తల్లి సంతతిలోంచి వంద నల్లుల్ని తీసి ఆల్కహాల్ సీసాలో వేసి, సంవత్సరం రాసి దాచేవారు. పంతొమ్మిది సీసాలు. నివేదిక ఇచ్చాక వాటినీ తోడల్లుడు అడిగి తీసుకెళ్లాడు.

తోడల్లుడు వదినవైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. ఆ చూపూ ఆ ఊపూ చూసి మాస్టారికి మళ్లీ మండింది.

"మొదటి ఎనిమిది సీసాల్లో రెండో రకమే ఉంది అన్నయ్యా. మీరు తెచ్చిన తల్లే. ఎనిమిదేళ్లు మీరు నిలబెట్టిన తీరు చూసి నేను రెండోసారి చదివాను, నమ్మలేక. ఒక్క గీత కూడా తేడా లేదు. తొమ్మిదో సీసా నుంచి మాత్రం మొత్తం మొదటి రకం. మధ్యలో కలగాపులగం ఏమీ లేదు. ఒక ఏడు ఇది, మరుసటి ఏడు అది."

"అదెలా కుదురుతుంది? కల్తీ అయితే రెండూ కలిసి ఉండాలి. ఒకటి పూర్తిగా పోయి ఇంకొకటి రావాలంటే..." మాస్టారు సగంలో ఆగారు. పని తెలిసిన మనిషి కదా, మిగతా సగం ఆయనకే తట్టింది. "మొదటిది చచ్చిపోవాలి."

"చచ్చిపోయింది" అంది ఆవిడ.

"తొమ్మిదో ఏడు మీకు కంటి ఆపరేషన్ అయింది, గుర్తుందా? ఇరవై రెండు రోజులు కళ్లకు గంతలు. ఎవర్నీ నమ్మనని మీరే నన్ను కూర్చోబెట్టి పని నేర్పారు. అప్పటి డైరెక్టర్ని బతిమాలి నాలుగో గది తాళం నాకిప్పించారు. పదకొండు రోజులు బాగానే చూశాను. పన్నెండో రోజు మీకు కంట్లో చీము పట్టింది. రెండు రోజులు నేను ఆసుపత్రి వదిలి రాలేదు. వచ్చేసరికి గదిలో హీటరు ఆరకుండా ఇరుక్కుపోయి ఉంది. తలుపు తీస్తే ఎండుగడ్డి వాసన. కుండీ కుండీ వెతికాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కదులుతుందేమోనని రోజంతా మైక్రోస్కోపు దగ్గరే కూర్చున్నాను. కదల్లేదు."

"అయితే?" అన్నారు మాస్టారు.

"బస్టాపు వెనక కంచె పక్కన ఎవరో పారబోసిన గోధుమలు మొలిచి ఉండేవి. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. విప్పి చూస్తే అవే. అదే ఒళ్లు, అదే నాలుగు కాళ్లు. మీ ఎర్రదారం పుల్లతోనే ఎత్తి మీ కుండీల్లో పెట్టాను. చిరిగిన బట్టకు పక్క బట్టలోంచి దారం లాగి అల్లినట్టే అనుకున్నాను. ఎవరికీ కనబడదనుకున్నాను. పదకొండేళ్లు కనబడలేదు కూడా."

మాస్టారు స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియని మనిషి ముందుగా ఏది తోస్తే అది మాట్లాడతాడు. ఆయనకు తోచింది, ఇంత జరిగాక కూడా, అదే.

"పదకొండేళ్లుగా నాకు చెప్పనిది ఇతనికి చెప్పావు."

"ఇతను అడిగాడు. సీసాల లెక్క పట్టుకుని ఇంటికొచ్చి, ఆ ఏడు ఏం జరిగింది వదినా అని అడిగాడు. మీరు ఎప్పుడైనా అడిగారా?"

"అడిగాను. గంతలు విప్పగానే అడిగాను. తల్లి ఎలా ఉందని..."

"అవును. అదే అడిగారు." ఆవిడ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఇరవై రెండు రోజులు మీ మంచం పక్కన కూర్చున్నాను. గంతలు విప్పారు. ఎదురుగా నేనున్నాను. మీరు నా మొహం చూసి 'తల్లి ఎలా ఉంది' అన్నారు. నేనెలా ఉన్నానని అడగలేదు. చచ్చిపోయింది అని మొహాన చెప్పేద్దామనిపించింది. అంత కసిగా ఉంది నాకు. పావు మిల్లీమీటరు సవతి అది, ఎనిమిదేళ్లు నా వెంట్రుకల మీదే ఎక్కి తిరిగింది. మీరొక్కరే మండిపోగలరనుకుంటున్నారా? కానీ మీ కళ్లు అప్పుడే తెరుచుకున్నాయి, ఎర్రగా ఉన్నాయి, ఏడిస్తే కుట్లు ఊడతాయన్నారు. బాగుంది అని చెప్పాను. ఒకసారి చెప్పాక మళ్లీ వెనక్కి తీసుకునే రోజే రాలేదు."

తోడల్లుడు కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంతకుముందైతే ఆ మర్యాద చూసి కూడా మాస్టారికి కడుపు మండేది. ఇప్పుడు ఆ తీరిక లేదు. పదకొండేళ్ల కిందటి ఆ ఆసుపత్రి గదిలో ఆవిడ ఏ రంగు చీర కట్టుకుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నారాయన. గుర్తు రాలేదు.

"మరి ఇప్పుడు ఇక్కడ ఏం చేస్తున్నావు?" అని మెల్లగా అడిగారు.

"నలభై ఏడు రెండో రకానికి ఆగుతుందో లేదో చూడాలని ఇతను అన్నాడు. నల్లుల్ని ఎత్తడం ఇతని వల్ల కాలేదు. మొదటి రోజే తొమ్మిదింటిని పొడిచి చంపాడు."

"పదకొండు వదినా" అన్నాడు తోడల్లుడు కిటికీవైపు నుంచే.

"మిమ్మల్ని పిలుద్దామన్నాడు. నేనే వద్దన్నాను. ముందు నలభై ఏడు సంగతి తేలితే, అప్పుడు మొత్తం ఒకేసారి చెప్పి మీ కాళ్ల మీద పడదామనుకున్నాను. పదమూడు రోజుల కిందట ఎక్కించాను. రేపటికి పద్నాలుగు. రోజూ మధ్యాహ్నం వచ్చి చూస్తున్నాను. మీ సంతకం రేపు సాయంత్రమనే అనుకున్నాం, కమిటీ ఒకరోజు ముందుకు జరిగిందని నిన్ననే తెలిసింది. గడువు అడుగుతానని రాత్రి మీరే అన్నారుగా. ఆ ధైర్యంతో ఉన్నాను."

మాస్టారు చూపు తిప్పుకున్నారు. తోడల్లుడు తెర కప్పిన మూడు గొట్టాల్ని తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న గోధుమ మొక్క.

"ఇది పాత రకం, ఏ నల్లికైనా లొంగుతుంది. ఇది నలభై ఏడు, మీ గదిలోని నల్లులతో. ఇది కూడా నలభై ఏడే, రెండో రకంతో. గింజలు మీ డబ్బాలోవే అన్నయ్యా. మీరు చూసి చెబితేగానీ నేను రాయను. ఈ పనిలో నా కన్ను కన్ను కాదు."

ఆ చివరి మాట ఎనిమిది నెలల ముందు అని ఉంటే ఈ కథే ఉండేది కాదేమో. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మొదటి గొట్టం ఎత్తారు. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి, ఊహించిందే. రెండోది నిటారుగా, పచ్చగా, గర్వంగా నిలబడి ఉంది. ఆయన నాలుగేళ్ల కష్టం అది. మూడోది ఎత్తగానే మైక్రోస్కోపుతో పనిలేకపోయింది. కొత్త ఆకు కొస పాత ఆకు ముడతలో ఇరుక్కుని, బయటికి రాలేక వంగిపోయి ఉంది. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి ముడత విప్పి దీపం కింద పెట్టి చూశారు. లెక్కపెట్టడం మొదలుపెట్టి డెబ్బై దగ్గర మానేశారు. ఆకు కొసన కొన్ని అప్పుడే తోకల మీద నిటారుగా లేచి, గాలి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాయి. గాలి వస్తే పక్క పొలానికి, అక్కణ్ణుంచి ఇంకో పొలానికి. వచ్చే సీజనుకు నలభై ఏడు ఎన్ని పొలాల్లో ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ అంకె కూడా సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది.

"ఆగలేదు" అన్నారు.

"పోనీలెండి" అంది ఆవిడ, ఊపిరి వదిలి. "మించిపోయింది లేదుగా. సంతకం పెట్టనని మేడమ్‌కు చెప్పేయండి. తప్పు నాదని నేను చెబుతాను."

మాస్టారు తల ఎత్తలేదు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

"పొద్దున్నే పెట్టేశాను."

"ఏమిటి?"

"పొద్దున్నే, ఆ పుల్ల చూశాక. నాలుగో గదిలో కూర్చుని పెట్టాను." ఆయన తోడల్లుడివైపు చూడలేకపోయారు. "నీ మీద కోపంతో పెట్టాను తమ్ముడూ. అది అబద్ధం కావచ్చని సగం తెలిసే పెట్టాను."

ఇద్దరూ తిట్టినా బాగుండేది. తోడల్లుడు జేబులోంచి ఫోను తీసి, డైరెక్టర్ మేడమ్ నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోబోయి ఆగాడు. ఫోనును మాస్టారివైపు చాచాడు.

"మీరు మాట్లాడతారా అన్నయ్యా, నన్ను మాట్లాడమంటారా?"

అతను మాట్లాడితే రేపటి నుంచి ఈ కేంద్రాన్ని కాపాడినవాడు అతను. తను మాట్లాడితే పంతొమ్మిదేళ్ల రెప్ప మాస్టారు ఈ గదిలోనే అయిపోతాడు, పక్కనే భార్య పేరు కూడా చెప్పాల్సి వస్తుంది. ఇంత జరిగాక కూడా ఆ తూకం వేసుకున్నందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి చాచి ఫోను తీసుకున్నారు.

అవతల మూడు సార్లు మోగి ఎత్తారు. వెనక పెద్ద హాలు, చాలామంది గొంతులు.

"హలో మేడమ్, నేను..."

"మాస్టారూ! వందేళ్లు మీకు!" డైరెక్టర్ మేడమ్ గొంతులో సంతోషం పొంగిపోతోంది. "ఇప్పుడే మీ కాగితం చదివి వినిపించాను. ఒక్క మనిషి, ఒక్క వెంట్రుక, పంతొమ్మిదేళ్లు అని చెబితే కమిటీ మొత్తం లేచి నిలబడింది. వినండి, వినండి!"

ఫోనులోంచి చప్పట్లు. జన్యువుల గదిలోకి కూడా స్పష్టంగా వినబడేంత చప్పట్లు. అత్తగారింటి కిటికీ పక్క కుర్చీ, మామగారు లేచి నిలబడటం, ఇన్నేళ్లుగా ఆయన కుళ్లి కుళ్లి కోరుకున్నవన్నీ కలిపి ఒక్కసారిగా చెవిలో పడ్డాయి. ఎంత బాగున్నాయో కూడా ఆయనకు తెలిసింది.

"ఛైర్మన్‌గారు మీ నోటి నుంచి రెండు మాటలు వినాలంటున్నారు" అన్నారు మేడమ్. "స్పీకరు పెడుతున్నాను, అందరికీ వినబడుతుంది. మీరు మాట్లాడగానే విత్తనం ఉత్తర్వు మీద సంతకాలు చేసేస్తారు. ఊఁ, చెప్పండి మాస్టారూ."

చప్పట్లు ఆగిపోయాయి. హాలంతా నిశ్శబ్దంగా ఆయన కోసం ఎదురుచూస్తోంది. ఎదురుగా భార్య నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, మోచేతుల దాకా మడిచిన తెల్లకోటు, ఎర్రబడిన కళ్లు. మాస్టారు ఈసారి చూశారు.

"నువ్వెలా ఉన్నావు?" అన్నారు ఆవిడతో, ఫోను పెదవుల దగ్గరే పెట్టుకుని.

"హలో, మాస్టారూ? ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది ఫోను. "ఇక్కడ అందరూ వింటున్నారు."